పొయ్యి పక్కన రెండో పీట

కొత్త ఇళ్లకు అలంకరణ చేసిపెట్టేవాళ్లు ఇప్పుడు వంటగదికి పాతకాలపు కళ తెస్తామంటున్నారు. స్టవ్ గట్టు వెనక ఎర్రమట్టి పలకలు, పై అరలో తళతళలాడే ఇత్తడి బిందె, గోడకు తగిలించిన చేట, గుమ్మం పక్కన రోలు, ఆ రోట్లో నీళ్లు పోసి నాలుగు పూలు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఈ ముచ్చట వెనక ఒక నమ్మకం ఉంది. మన పూర్వపు వంటిల్లు వెచ్చగా, నిండుగా, వచ్చినవాళ్లను పిలిచి కూర్చోబెట్టేదిగా ఉండేదనీ, గ్యాసూ గ్రానైటూ వచ్చి దాన్ని పాడుచేశాయనీ ఆ నమ్మకం. ఇందులో సగం చరిత్ర ముందు నిలబడదు. పొయ్యి ఉన్న గది మన ఇళ్లలో చాలాకాలం చీకటిగా, పొగ నిండి, పైగా చాలామందికి ప్రవేశమే లేనిదిగా ఉండేది. మిగతా సగం మాత్రం నిజం. వంట చుట్టూ మనుషులు చేరే సందడి ఉండేది. అయితే ఆ సందడి పొయ్యి గదిలో కంటే దాని బయట, పంచలో, మండువాలో, పెరట్లో, నూతి దగ్గర ఎక్కువగా ఉండేది. ఇరవయ్యో శతాబ్దం పొయ్యి గదిని బాగుచేసింది, ఆ బయటి చోట్లను తీసేసింది. వంటగదికి మళ్లీ జీవం పోయాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క సరిచూసుకోవాలి. బిందెల సంగతి తర్వాత.

ముందు పొగ సంగతి చూద్దాం. పాత కావ్యాల్లో తిండి, ఇల్లు, వేషం గురించి చెదిరి ఉన్న వివరాలను చరిత్రకు సాక్ష్యంగా వాడుకోవచ్చని సురవరం ప్రతాపరెడ్డి తన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో చూపించారు. ఆ దారిలో వెళితే వంటింటి పొగకు మంచి సాక్షి ఒక రాజే. 16వ శతాబ్దం తొలి దశకాల్లో కృష్ణదేవరాయలు రాసిన 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అతిథులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టే భక్తుడు. జడివాన పట్టిన రోజుల్లో ఆయన ఇంట్లో ఏం వడ్డించేవారో చెబుతూ రాయలు సన్న బియ్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి అన్నీ చెప్పాడు. మనవాళ్లు ఈ విందు జాబితా దగ్గర లొట్టలేసి ఆగిపోతారు. కానీ జాబితా కంటే ముందు ఆయన ఇంకో మాట చెప్పాడు. ఇల్లాలి కంట్లోకి పొగ పోకుండా కొబ్బరి డొక్కలు ముట్టించి వండేదట. అదే కావ్యంలో వానాకాలం వర్ణన దగ్గర మామూలు సంసారాల అవస్థ కూడా ఉంది. నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగాలి, దొరికిన కాస్త నిప్పునూ ఊది ఊది రాజేయాలి, అయినా వంట ఓ పట్టాన తెమలదు. ఈ రెండూ కలిపి చదివితే సంగతి తేటపడుతుంది. పొగ లేని వంట అప్పటికి ఒక సౌఖ్యం. అన్నదానం చేసే ఇంటి గొప్పతనంలో భాగంగా కవి దాన్ని లెక్కగట్టి చెప్పాల్సి వచ్చిందంటే, అన్ని ఇళ్లలోనూ ఉండేది కాదన్నమాటే.

నాలుగైదు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ పొగ పోలేదు. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో పరిశోధకులు వంటగదుల గాలిని 24 గంటల చొప్పున కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఘనపు మీటరు గాలిలో ఊపిరితిత్తుల్లోకి చేరగల సన్నటి ధూళి, గ్యాసు వాడే ఇళ్లలో సగటున 73 మైక్రోగ్రాముల దాకా ఉంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 దాకా వెళ్లింది. ఆ గాలి ఎక్కువగా పీల్చింది ఎవరో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు గానీ, పరిశోధన కూడా అదే తేల్చింది: వండే ఆడవాళ్లు. ఏ కట్టె కాలుస్తున్నారన్నది ఎంత ముఖ్యమో వంటగది ఎలాంటిదన్నదీ అంతే ముఖ్యమని ఆ లెక్కలే చెప్పాయి. వేరుగా గది ఉందా, ఇంటి మధ్యలోనే పొయ్యి ఉందా, ఆరుబయట వండుతున్నారా అన్నదాన్ని బట్టి పొగ మోతాదు మారింది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇంటి లోపల వేరుగా వంటగది ఉన్న కుటుంబాలు సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. అందుకని పూర్వపు వంటిల్లు అని మనం తలుచుకుంటున్నది ఎవరి వంటిల్లు అని అడగడం తప్పదు. ఒక్క గది గుడిసెలో పొయ్యి, పడక, గింజల కాగు ఒకే కప్పు కింద ఉండేవి. అలంకరణ పుస్తకాల్లో ఆ ఇల్లు కనిపించదు.

పొగ వల్ల మేలు కూడా ఉండేదని ఒక వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. పొయ్యి మీద చూరుకు కట్టిన మొక్కజొన్న కంకులు, విత్తనాల మూటలు పురుగు పట్టకుండా ఉండేవి. తాటాకు కప్పుకు, వాసాలకు చెద పట్టేది కాదు. అటక మీద దాచుకున్న సామాను మసిబారినా చెడిపోయేది కాదు. పల్లెల్లో కప్పు చాలా ఏళ్లు నిలవడానికి ఆ పొగ నిజంగానే ఉపకరించింది. కాకపోతే కప్పుకు మందైనదే కింద కూర్చున్న మనిషికి రోగమైంది. కప్పు చెడితే నాలుగేళ్లకోసారి కొత్తగా వేయించుకోవచ్చు. కళ్లు, ఊపిరితిత్తులు అలా మార్చుకోవడానికి లేదు.

ఇక ఆదరణ మాట. పెద్ద కులాల ఇళ్లలో, ముఖ్యంగా బ్రాహ్మణ ఇళ్లలో, వంటిల్లు మడి గది. తడిపి ఆరేసిన బట్ట కట్టుకున్న మనిషి తప్ప ఇంకెవరూ గడప దాటకూడదు. ఇంట్లో పిల్లలకే ఆ గదిలోకి వెళ్లే స్వేచ్ఛ ఉండదు. నెలసరి రోజుల్లో ఆ ఇంటి కోడలికి కూడా ఉండదు. ఇతర కులాలవాళ్ల చూపు పడకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో వంటిల్లు వెనక వసారాలో, వాకిట్లోకి కనిపించని మూలన ఉండేది. వాస్తు చెప్పిన ఆగ్నేయ మూల దీనికి బాగా కలిసొచ్చింది. ఏది కారణం, ఏది సాకు అన్నది వేరే చర్చ. వంట చుట్టూ గీసిన ఈ గీత ఎంత గట్టిదో 1881 డిసెంబరులో రాజమండ్రిలో తెలిసింది. కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ పెళ్లికి వెళ్లి భోంచేసినవాళ్లను వెలి వెంటాడింది. ఒక పంక్తిలో కూర్చుని తిన్నందుకే సంఘం నుంచి తోసేయగలిగిన రోజుల్లో వంటిల్లు అందరినీ ఆహ్వానించేదని అనడం, ఆ గడప బయట నిలబడినవాళ్లను లెక్కలోంచి తీసేయడమే. పొలం పని చేసి ఆ ధాన్యాన్ని ఇంటికి చేర్చిన మాల, మాదిగ కుటుంబాలకు అన్నం దొరికేది పెరటి దొడ్డి వైపు, దూరం నుంచి. మడి పట్టింపు అంతగా లేని ఇళ్లలో కూడా ఈ దూరం మాత్రం పోలేదు. కొత్తవాళ్లు డబ్బిచ్చి తినే చోటు వేరే ఉండేది. 15వ శతాబ్దపు 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనం వర్ణన ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషికి అప్పట్లో ఆ పూటకూళ్ల ఇల్లే దిక్కు. ఇళ్ల వంటగదులు కాదు.

మరి ఆ సందడి ఎక్కడుండేది? గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిలిని తీసుకోండి. నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం కనిపించే చోటు, పెంకుల మీంచి జారిన వాన నీరు పడే తొట్టి. పొయ్యి వెనక గదిలో ఉన్నా, వంటలో సగం పని అక్కడ జరగదు. బియ్యంలో రాళ్లేరడం, చెరగడం మండువా అరుగు మీద. తిరగలి వసారాలో. రోలు ఎక్కువగా పెరటి గుమ్మం దగ్గర, ఎందుకంటే రుబ్బినచోట కడగాలి, కడిగిన నీళ్లు అరటిచెట్టు మొదట్లోకి పోవాలి. పాలు దాలిలో, పిడకల సెగ మీద, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎర్రగా కాగుతుంటాయి. ఆ దాలి పొయ్యి గదిలోనే ఉండాలని లేదు, పంచలో ఒక మూలనో పెరటి వసారాలోనో ఉంటుంది. కత్తిపీట ఎక్కడ వేసుకుంటే అక్కడే కూరగాయలు తరిగే చోటు. పెళ్లి వంటలు, పిండివంటలు పెరట్లో గాడిపొయ్యి మీద. తెలంగాణలో వంటర్ర ఎంత ఇరుకైనా ఇసుర్రాయి ఉండే చోటు, జొన్నలు చెరిగే వాకిలి వేరే ఉండేవి. ఎండాకాలంలో వంటే వాకిట్లో పొయ్యి మీదికి మారేది. వేసవిలో ఆవకాయ పెట్టే రోజు చూస్తే ఈ అమరిక అంతా ఒకచోట తెలుస్తుంది. కాయలు కడిగేది నూతి దగ్గర, తుడిచి ఆరబెట్టేది మండువాలో, టెంకతో సహా ముక్కలు కొట్టేది అరుగు మీద బలమైన చెయ్యి ఉన్న మనిషి, ఆవాలూ మిరపకాయలూ దంచేది పెరటి రోట్లో, కలిపి జాడీకెత్తేది మాత్రం ఇంటి పెద్దావిడ లోపల. పొరుగింటివాళ్లు, చుట్టాలు, పిల్లలు అందరూ చేరే పని అది. ఈ మొత్తం తతంగంలో పొయ్యి వెలిగించే పనే లేదని గమనించండి. దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు పుట్టింది కూడా ఈ బయటి చోట్లలోనే. పొగలో కూర్చుని పాడేవాళ్లు తక్కువ.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఆ పాటలు శ్రమను మరిచిపోవడానికి పుట్టినవే కదా. సంపన్నుల ఇళ్లలో ధాన్యం దంచింది ఇంటి ఇల్లాలు కాదు, కూలికి వచ్చిన ఆడవాళ్లు. లేని ఇళ్లలో ఇంటావిడే కోడి కూయకముందు లేచి విసిరి, దంచి, తర్వాత పొలానికి పోయింది. పంచలో సందడి అని మనం మురిసిపోతున్నది ఎవరి నడుములు విరిగితే వచ్చింది? ఈ అభ్యంతరంలో అబద్ధం లేదు. గోదావరి, కృష్ణా డెల్టాలకు బియ్యం మరలు వచ్చినప్పుడు దంపుడు పని వేగంగా తగ్గిపోయింది. 1934లో గాంధీజీ స్థాపించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం తినమని ఎంత ప్రచారం చేసినా జనం మర బియ్యాన్నే ఎంచుకున్నారు. తర్వాత మిక్సీ, గ్రైండరు వచ్చాక రోటి దగ్గరికి మళ్లీ వెళ్లినవాళ్లు అరుదు. రోకలి పట్టిన చేతులే రోకలిని వదిలేశాయి, ఆ తీర్పును మనం గౌరవించాలి. కానీ ఈ అభ్యంతరం శ్రమ గురించి, చోటు గురించి కాదు. రోలు పోవడం ఆడవాళ్లకు లాభమే. రోటితో పాటు ఆ రోలున్న వసారా, పక్కన కూర్చుని కబుర్లాడే మనిషి కూడా పోవాల్సిన అవసరం ఎక్కడా లేదు. అది ఎవరూ కోరుకోని నష్టం. ఇంటి ప్లాను మారడం వల్ల, పని మారిన దానికంటే వేగంగా, చడీచప్పుడూ లేకుండా జరిగిపోయింది.

ఆ ప్లాను మారడానికి పొగను తరిమే ప్రయత్నమే తొలి మెట్టు. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు రూపొందించిన పొగలేని మట్టి పొయ్యి గురించి 1953లో ఇంగ్లిషులో ఒక చిన్న పుస్తకం వచ్చింది. లక్షలాది ఇళ్లకు పొగలేని వంటగదులన్నది దాని పేరు, దాని ఆశ. ఒకే మంట మీద వరసగా కుండలు, చివర పొగగొట్టం, మట్టితో ఇంటివాళ్లే కట్టుకోగలిగిన పొయ్యి. అంతకుముందే వార్ధాలో మగన్ చూల్హా అనే ఇలాంటి పొయ్యి ఉంది. 1980లలో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో ఆపేసేలోగా దేశంలో 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టించింది. వాటిలో చాలావరకు కొన్నాళ్లకే మూలనపడ్డాయి. గొట్టంలో మసి పేరుకుంటే తీసేవాళ్లు లేరు, ఇంట్లో ఉన్న కుండకూ పొయ్యి నోటికీ పొంతన కుదరలేదు, ఎన్ని కట్టామన్న లెక్క తప్ప ఎవరు వాడుతున్నారన్న లెక్క అధికారులకు పట్టలేదు. అయినా రాజు ఆలోచనను తక్కువ చేయకూడదు. వంటింటి బాగు అంటే ముందు గాలి బాగు అని, అదీ పేద ఇంటి నుంచి మొదలవ్వాలని, హైదరాబాదులో ఒక ఇంజినీరు సూటిగా చెప్పాడు. చివరికి పొగను తీసింది మాత్రం సిలిండరు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం, 2016 నుంచి కేంద్రం ఉజ్వల పథకం, ఈ రెండూ చేసిన పనిని ఏ అలంకరణా చేయలేదు.

సిలిండరు ఇంకో మార్పు కూడా తెచ్చింది. గ్యాసు స్టవ్వు సిలిండరు కంటే ఎత్తులో ఉండాలన్నది భద్రతా నియమం. వత్తుల స్టవ్వు, కుంపటి నేల మీద పెట్టుకోవచ్చు, గ్యాసు పొయ్యికి గట్టు కావాలి. అందుకని నల్లటి కడప బండతో గట్టు వచ్చింది, తర్వాత గ్రానైటు. పీట మీద కూర్చుని వండిన మనిషి లేచి నిలబడింది. మోకాళ్లకు అది మేలే, సందేహం లేదు. కానీ కూర్చున్న మనిషి పక్కన ఇంకో పీట వేసుకుని ఎదురెదురుగా కూర్చోవచ్చు. గట్టు గోడకు ఆనించి ఉంటుంది కాబట్టి నిలబడ్డ మనిషి మొహం గోడకు, వీపు ఇంటికి. ఈ అమరికకు పెద్ద పేరు తెచ్చింది జర్మనీ. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన కార్మికుల ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె లిహోట్స్కీ ఒక వంటగది గీసింది. దాదాపు ఆరడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు, రైలు భోజనశాలలోని వంటపెట్టెను చూసి నేర్చుకున్న పొదుపు, అడుగులు లెక్కపెట్టి అమర్చిన అరలు, పప్పూ పిండీ పోసుకునే అల్యూమినియం డబ్బాలు. దాదాపు పది వేల ఇళ్లలో దాన్ని బిగించారు. ఉద్యోగానికి వెళ్లే ఆడదానికి వంట శ్రమ తగ్గించాలన్నది ఆమె ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. (తర్వాత నాజీలను ఎదిరించి జైలుకెళ్లిన ఈమెను ప్రపంచం వంటగదితోనే గుర్తుపెట్టుకోవడం ఆమెకే నచ్చలేదు.) అయితే ఆ గదిలో ఒక్కరే పట్టేవారు. ఆ గదికి మొదటినుంచీ ఉన్న లోపం అదే. మన అపార్టుమెంటు వంటగది ఆమె గీసిన చిత్రాన్ని చూసి వేసింది కాకపోవచ్చు, కానీ లెక్క మాత్రం అదే: వండేది ఒక్కరు, చోటు తక్కువ, తలుపు వేరు. మండువా, పెరడు, నూతి దగ్గరి చోటు ప్లానులోంచి ఎగిరిపోయాయి. మిగిలింది పొయ్యి గది ఒక్కటే, అంటే పాత ఇంట్లో అన్నిటికన్నా తక్కువ ఆహ్వానం ఉన్న గది.

దీనికి విరుగుడుగా వచ్చిందే ఓపెన్ కిచెన్ అంటారు. గోడ తీసేస్తే వండే మనిషి హాలుకు దగ్గరవుతుంది, నిజమే. కానీ అది పుట్టిన దేశాల్లో తిరగమోత ఘాటు లేదు. ఎండుమిర్చి వేగితే హాల్లో సోఫా కూడా దగ్గుతుంది. అమెరికాలో ఓపెన్ కిచెన్ ఉన్న ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లు చాలామంది వేపుళ్లకు గరాజులోనో, వెనక డాబా మీదో ఇంకో స్టవ్వు పెట్టుకుంటారు. పద్ధతి మరిచిపోలేక చేసిన సర్దుబాటులా కనిపిస్తుంది గానీ, ఆ ఇంట్లో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు అదే. పొగా ఘాటూ బయటికి, కూరలు తరిగే పనీ కబుర్లూ లోపలికి. పాత పెరటి పొయ్యి, పంచల మధ్య ఉన్న విభజనే ఇది, ఏ వాస్తు పండితుడూ చెప్పకుండా మళ్లీ వచ్చింది. మన ఊళ్లలో బిల్డర్లు వంటగది వెనక ఇచ్చే యుటిలిటీ బాల్కనీ కూడా ఇలాంటిదే కావచ్చు. దాన్ని వాషింగ్ మెషీన్‌కూ పాత సామానుకూ ఇచ్చేయకుండా ఉంటే అందులో ఒక పొయ్యికీ, ఒక బల్లకూ చోటుంది.

మడి గీత పోవడం, పొగ పోవడం, రోకలి పోవడం — ఈ మూడూ మంచికే జరిగాయి. వాటిని వెనక్కి తెచ్చే ప్రయత్నం, గోడకు తగిలించిన రూపంలోనైనా సరే, నాకు హాస్యంగానే కనిపిస్తుంది. పోగొట్టుకోకూడనిది ఒక్కటే పోయింది: వండే మనిషి పక్కన ఇంకో మనిషి పనిచేస్తూ కూర్చునే చోటు. కాబట్టి ఇల్లు కట్టించుకునేవాళ్లూ, ఫ్లాటు కొనేవాళ్లూ ప్లాను చూసేటప్పుడు గట్టు గ్రానైటా, క్వార్ట్జా అని అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి. పొగ ఏ వైపు పోతుంది? చిక్కుడుకాయలు వలిచే రెండో మనిషి ఎక్కడ కూర్చుంటారు? పనికి వచ్చే ఆవిడ కూడా అదే చోట కూర్చుని టీ తాగుతుందా? ఈ మూడింటికీ జవాబు దొరకని ప్లాను ఎంత అందంగా ఉన్నా సంతకం పెట్టకండి, తిరిగి గీయమనండి.